కనుపాపను విప్పే చుక్కలు

కన్ను గురించి రాసే వ్యాసాన్ని ఒక సంస్కృత వాక్యంతో ప్రారంభించటం మనవాళ్ళకి ఆనవాయితీ. ఆ వాక్యం పాఠకులందరికీ కంఠతా వచ్చు కనుక దాన్ని వారికే వదిలిపెట్టి, తిన్నగా కంటి ఆసుపత్రి వరండాలోని బల్ల దగ్గరికి వస్తాను. ఆ బల్ల మీద పదిమందో పదిహేనుమందో కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటారు. పది పదిహేను నిమిషాలకోసారి సిస్టరు వచ్చి, ఒక్కొక్కరి తల వెనక్కి వంచి, కళ్ళలో చుక్కలు వేసి వెళుతుంది. ఎందుకు వేస్తున్నదీ చెప్పే తీరిక ఆవిడకు ఉండదు. వీళ్ళూ ఆవిడను అడగరు, పక్కవాళ్ళను అడుగుతారు. పొర కరగటానికని ఒకరంటారు, కళ్ళు కడగటానికని ఇంకొకరు, ఆపరేషనుకి ముందు మత్తుమందని మరొకరు. ఈ మూడింటిలో ఒక్కటీ నిజం కాదు.

మన కళాశాల ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఒక గ్రామంలో జరిపిన కంటి శిబిరంలో పేర్లు రాసే పని నాకు అప్పగించారు. పేర్లు రాయటం త్వరగానే అయిపోయింది గాని, చుక్కల గురించి అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పటంతోనే మిగతా రోజంతా గడిచింది. కొన్నిటికి జవాబులు డాక్టరుగారిని అడిగి చెప్పాను. తరవాత గ్రంథాలయంలో చదివినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కనుపాప సంగతి. కంటి నడుమ నల్లగా, గుండ్రంగా కనిపించేది ఒక వస్తువు కాదు, ఒక రంధ్రం. లోపల చీకటి కనుక నల్లగా కనిపిస్తుంది, అంతే. దాని చుట్టూ ఉన్న గోధుమరంగు తెరను ఐరిస్ అంటాం. ఈ తెరలో రెండు రకాల కండరాలున్నాయి. ఒకటి గోనెసంచి మూతికి కట్టిన తాడులాగా రంధ్రం చుట్టూ ఉంటుంది. అది బిగిస్తే కనుపాప చిన్నదవుతుంది. రెండోది బండిచక్రం ఆకుల మాదిరి నడుమనుంచి అంచు వైపుకి పరచుకుని ఉంటుంది. అది లాగితే కనుపాప విచ్చుకుంటుంది. మంచి ఎండలో కనుపాప అడ్డంగా 2 మిల్లీమీటర్లుంటే, చీకట్లో యువకులకు 8 మిల్లీమీటర్ల దాకా విచ్చుకోవచ్చు. వ్యాసం 4 రెట్లయితే వైశాల్యం 16 రెట్లవుతుందని మనకు తెలిసిందే గదా! అంటే లోపలికి పోయే వెలుతురు కూడా 16 రెట్లు. ఈ లెక్క కాస్త గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

డాక్టరుకి కావలసింది ఈ రంధ్రం వెనక ఉంది. కటకం దాటి, కంటి అడుగున పరచుకున్న రెటీనా పొర, దాని మీది రక్తనాళాలు, మెదడుకి పోయే దృష్టి నాడి మొదలు, ఇవన్నీ చూడాలి. మన శరీరంలో చర్మం కొయ్యకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు ఇదొక్కటే అని చెప్పవచ్చు. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించేదాకా బతికున్న మనిషి కంటి అడుగుభాగం ఎలా ఉంటుందో వైద్యులకు సరిగా తెలియదు. అయితే ఇక్కడొక చిక్కుంది. చూడటానికి వెలుతురు వెయ్యాలి. వెలుతురు వేస్తే కనుపాప ముడుచుకుంటుంది. గాదెలో ధాన్యం ఎంత ఉందో తలుపు సందులోంచి చూసి చెప్పమన్నట్టుంటుంది డాక్టరు పరిస్థితి. నడిమి భాగం ఎలాగో కనిపించినా అంచులు కనిపించవు. ఆ తలుపు తీసి, కాసేపు మూసుకోకుండా ఆపటమే చుక్కల పని. అది వైద్యం కాదు, వైద్యానికి ముందు జరిగే పరీక్ష.

"ఏం నాన్నా, ఈ చుక్కలతో పొర కరిగిపోద్దా?" అని ఒక మామ్మగారు అడిగారు. కరగదు మామ్మగారూ అన్నాను. మరి నాలుగుసార్లు ఎందుకేశారంటారావిడ. శుక్లం అంటే కంటిలోని కటకమే మసకబారటం. దాన్ని కరిగించే చుక్కలు ఇప్పటికీ లేవు. ఉన్నాయని అమ్మేవాళ్ళు మాత్రం ఉన్నారు. ఆపరేషనే దానికి మార్గం. ఇకపోతే చుక్కలు పదేపదే ఎందుకు వేస్తారంటే, మనబోటి నల్లకళ్ళ వాళ్ళ ఐరిస్‌లో మెలనిన్ రంగు ఎక్కువ. మందు కొంత ఆ రంగుకి అంటుకుపోతుంది. అందువల్ల నీలికళ్ళ ఐరోపావారి కంటే మన కనుపాప ఆలస్యంగా విచ్చుకుంటుంది, ఆలస్యంగానే ముడుచుకుంటుంది. చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. కాబట్టి "పొద్దుటినుంచీ కూర్చోబెట్టారు" అని విసుక్కునేవారు కొంత తప్పు తమ కంటిరంగుది కూడా అని గ్రహించాలి.

మందు ఎలా పనిచేస్తుందో చూద్దాం. గుండ్రని కండరాన్ని బిగించమని నరం చెప్పేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా. కండరం మీద దానికి తగిన తాళం కప్పలుంటాయి, ఈ రసాయనం తాళంచెవి అన్నమాట. ట్రోపికమైడ్, ఎట్రోపిన్ వంటి మందులు కూడా ఆ కప్పలోకి దూరతాయి గాని తిరగవు. అసలు చెవికి చోటివ్వకుండా అడ్డంగా కూర్చుంటాయి. కండరం సడలుతుంది, కనుపాప విచ్చుకుంటుంది. ఫినైలెఫ్రిన్ అనే మరో మందుంది. అది ఇంకో దారిలో, అంటే ఆకుల వంటి కండరాన్ని బిగించి పని చేస్తుంది. మన ఆసుపత్రుల్లో ఈ రెండు రకాలనూ కలిపిన సీసా ఎక్కువగా వాడతారు.

రైతుబిడ్డలకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఎట్రోపిన్ మనకు కొత్తదేమీ కాదు. గట్ల మీద, పెంటదిబ్బల మీద మొలిచే ఉమ్మెత్తలో ఉండేది దాని కుటుంబమే. వినాయక చవితి పత్రిలో దుత్తూర పత్రమని చదువుతారే, అదే. ఉమ్మెత్త మొక్క పీకిన చేత్తో కన్ను నులుముకుంటే ఆ ఒక్క కన్ను పాప పెద్దదై, చూపు మసకబారి, రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం అలాగే ఉండిపోవచ్చు. అమెరికాలో మొక్కజొన్న చేలల్లో పనిచేసేవాళ్ళకి ఇలా జరగటం గమనించి వైద్యులు దానికొక పేరు కూడా పెట్టారు. ఉమ్మెత్తకాయ తింటే పిచ్చెక్కుతుందని మన పల్లెల్లో చెప్పుకునేది కూడా ఉత్తమాట కాదు. నోరెండిపోవటం, ఒళ్ళు కాలటం, కనుపాపలు విచ్చుకోవటం, పిచ్చిమాటలు ఇవన్నీ ఆ విషం లక్షణాలే. ప్రాణం కూడా పోవచ్చు. కనుక ఈ వ్యాసం చదివి ఎవరూ ప్రయోగాలకు దిగవద్దని మనవి.

ఐరోపాలో ఇదే పని బెల్లడోనా అనే మొక్క చేసింది. ఇటలీ భాషలో ఆ మాటకు అందమైన స్త్రీ అని అర్థం. పెద్ద కనుపాపలు అందమని దాని రసం కళ్ళలో వేసుకునేవారట. 1819లో రుంగె అనే యువ రసాయనశాస్త్రజ్ఞుడు ఈ రసంతో పిల్లి కనుపాపను విప్పి మహాకవి గేటెకి చూపించాడు. గేటె ముచ్చటపడి, వీటిని కూడా పరీక్షించి చూడమని కాసిని కాఫీ గింజలు చేతిలో పెట్టాడు. రుంగె వాటిలోంచి కెఫీన్‌ను వేరుచేశాడు. హాస్టలులో పరీక్షల ముందు రాత్రుళ్ళు మనల్ని నిద్రపోనివ్వని పదార్థం చరిత్రలో పిల్లి కన్ను కూడా ఉందన్నమాట!

ప్రస్తుతాంశానికి వద్దాం. చుక్కలు పడ్డాక అందరినీ భయపెట్టేది మసక. "కళ్ళు పోయినట్టున్నాయి బాబూ" అన్నవాళ్ళు ఎందరో. కనుపాపతో పాటు కటకాన్ని సర్దే కండరం కూడా సడలిపోతుంది గనుక దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. దూరపుచూపు కొంత మసకబారినా మనుషులు, దారి తెలుస్తూనే ఉంటాయి. ఇందాకటి లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఎండలో 2 మిల్లీమీటర్లుండవలసిన రంధ్రం 7, 8 మిల్లీమీటర్లుంటే పది పదిహేను రెట్ల వెలుతురు లోపల పడుతుంది. కళ్ళు జిగేలుమనక ఏమవుతాయి? గొడుగు, నల్లద్దాలు, చివరికి తలమీద తుండుగుడ్డ ముందుకి లాక్కున్నా కొంత ఉపశమనమే. ట్రోపికమైడ్ అయితే అరగంటలోపు పనిచేసి సాధారణంగా 4 నుంచి 8 గంటల్లో దిగిపోతుంది, కొందరికి మర్నాటిదాకా పడుతుంది. సైక్లోపెంటొలేట్ ఒక రోజు, హోమట్రోపిన్ ఒకటి నుంచి మూడు రోజులు. ఎట్రోపిన్ వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. ఏది వేశారో అడిగి తెలుసుకుంటే సగం భయం పోతుంది. దిగేదాకా బండి నడపకూడదు.

"మందు గొంతులోకి పోయింది, చేదుగా ఉంది" అని మరో ఫిర్యాదు. నిజమే. కంటి లోపలి మూలనుంచి ముక్కులోకి సన్నని గొట్టం ఉంది. మనం ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. చుక్క వెయ్యగానే కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే చేదు తగ్గుతుంది, ఒంట్లోకి పోయే మందు కూడా తగ్గుతుంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు చుక్కలకు ముందే ఆ సంగతి చెప్పాలి, ఫినైలెఫ్రిన్ వాళ్ళకు పడకపోవచ్చు. పథ్యం ఏమిటని, వంకాయ తినవచ్చా అని చాలామంది అడిగారు. తినవచ్చు.

చిన్నపిల్లల సంగతి వేరు. పిల్లల కటకపు కండరం బలమైనది. పరీక్షలో అది బిగుసుకుని తప్పుడు నంబరు చూపిస్తుంది. దాన్ని సడలించి చూడటానికి కొన్నిసార్లు ఎట్రోపిన్ ఆయింట్‌మెంటు ఇంటికిచ్చి మూడు రోజులు పెట్టమంటారు. మొహం ఎర్రబడి ఒళ్ళు కాలితే మందు ఆపి డాక్టరుకి చెప్పాలి. ఆ ట్యూబు పిల్లల చేతికి అందనివ్వకూడదు, అది ఉమ్మెత్త చెల్లెలని గుర్తుంచుకుంటే చాలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు కూడా, 2 కిలోల కంటే తక్కువ బరువుంటే లేదా 34 వారాలకు ముందే పుడితే, నెల తిరక్కముందే పలచని చుక్కలు వేసి రెటీనా పరీక్ష చెయ్యాలి. ఇది తెలియక ఆలస్యమైతే చూపు తిరిగి రాదు.

చుక్కల వల్ల నిజమైన ప్రమాదం లేదా అంటే ఉంది. అరుదు. కొందరి కళ్ళలో ఐరిస్‌కి, కంటి ముందు అద్దానికి నడుమ చోటు ఇరుకుగా ఉంటుంది. కనుపాప విచ్చుకున్నప్పుడు కంటిలోని నీరు బయటికి పోయే మూల మూసుకుపోయి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. నీటికాసుల జబ్బులో ఇదొక రకం. అందుకే డాక్టర్లు చుక్కలకు ముందే ఆ చోటు ఎంతుందో చూసుకుంటారు. అయినా ఆ సాయంత్రమో రాత్రో కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి, తలపోటు, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే పైత్యమనుకుని శొంఠికషాయం తాగి పడుకోకూడదు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో మిగిలిన పాత చుక్కల సీసాను కళ్ళకలకకు వాడే అలవాటు కూడా ఇందుకే మానాలి.

కాని శిబిరంలో నేను చూసినంతలో జనం చుక్కలు వద్దన్నది ఈ ప్రమాదానికి భయపడి కాదు. సుమారు యాభై ఏళ్ళ రైతు ఒకాయన, ఏడెనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధికి బిళ్ళలు మింగుతున్నవాడు, తన వంతు వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. "ఇవి ఏస్తే సాయంత్రందాకా కళ్ళు కనబడవంటగా. మా చేనుకి నీళ్ళ వంతు ఇయ్యాలే. నాకు చూపు బానే ఉంది బాబూ" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. నీళ్ళ వంతు తప్పితే ఏమవుతుందో మా ఇంట్లో కూడా తెలుసు కనుక నేనేమీ అనలేకపోయాను. ఆయన చూపు బాగానే ఉండి ఉండవచ్చు కూడా. చక్కెర వ్యాధి రెటీనాను దెబ్బతీసేటప్పుడు మొదట నొప్పి ఉండదు, మసక ఉండదు. సన్నని రక్తనాళాలు కారటం, ఉబ్బటం, మూసుకుపోవటం చడీచప్పుడూ లేకుండా జరుగుతుంది. చూపు తగ్గినట్టు మనిషికి తెలిసేనాటికి జబ్బు చాలాదూరం పోయి ఉండవచ్చు. ముందుగా కనిపెడితే లేజరుతోనో, కంట్లో వేసే ఇంజెక్షన్లతోనో చాలావరకు ఆపవచ్చు. అందుకే చక్కెర వ్యాధి బయటపడిన దగ్గరనుంచి ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకోమంటారు. చుక్కలు లేకుండా రెటీనా ఫొటో తీసే కెమెరాలు ఇప్పుడు వచ్చాయి గాని, కనుపాప మరీ చిన్నదైనా, శుక్లం ఉన్నా ఫొటో సరిగా రాదు. అప్పుడు మళ్ళీ చుక్కలే.

వచ్చే శిబిరానికి మన యూనిట్ ముందు నేను పెట్టదలచిన ప్రతిపాదన ఇది. పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడదాం. ఎండ దిగుతుంది కనుక కళ్ళు జిగేలుమనవు, పొద్దుటి పని అయిపోయి ఉంటుంది కనుక కూలి పోదు, మందు చాలామందికి రాత్రికి దిగిపోతుంది. కాకపోతే చీకట్లో ఎదురుగా వచ్చే బళ్ళ దీపాలు కళ్ళు చెదరగొడతాయి. కాబట్టి ముసలివాళ్ళను ఇళ్ళదాకా దిగబెట్టటానికి మనలో ఓ పదిమంది ఉండాలి, ఒక్కొక్కరి దగ్గర టార్చిలైటు ఉండాలి. తేదీ వేసేముందు ఆ ఊరి నీళ్ళ వంతులు ఏ రోజో లస్కరును అడిగి రాసుకురావటం నేను చూసుకుంటాను.