మిర్చి ఏరుడు అయ్యాక చూద్దామన్న ఆపరేషన్



ఏన్కూరులో ఏఎన్ఎంగా చేరి నెల తిరక్కుండానే రొమ్ము క్యాన్సర్ కేసు ఎదురైందనీ, ఆమె "మిర్చి ఏరుడు అయిపోయినంక పోత" అంటోందనీ రాశావు. తండా అని లేదు, గూడెం అని లేదు, ఖమ్మం జిల్లాలో మిరప వేసే ప్రతి ఊళ్లోనూ వినిపించే మాటే ఇది. జనవరి నుంచి మార్చి దాకా ఆడమనిషి ఇల్లు కదిలితే కూలీలకు వండేదెవరు, కల్లంలో కాయ చూసేదెవరు? అందుకని ఆమెను కసరకు. లెక్క చెప్పు.

2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలనను అచ్చువేసింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణ ప్రమాదం సుమారు 8 శాతం పెరుగుతుందని అందులో తేలింది. నూటికి మరో ఎనిమిది మంది పోతారని దీని అర్థం కాదు. అప్పటికే ఉన్న ప్రమాదం ఆ మేరకు పెరుగుతుందన్నమాట. లక్షల మంది అమెరికా రోగుల వివరాలతో 2023లో జామా సర్జరీలో వచ్చిన మరో లెక్క, నిర్ధారణ అయ్యాక ఎనిమిది వారాలు దాటనివ్వొద్దంది. పరీక్షలకు వారం పది రోజులు పడితే కొంప మునగదు. సీజనంతా ఆగితే మునుగుతుంది.

ఈ లెక్కలు ఆపరేషన్‌తోనే వైద్యం మొదలయ్యేవాళ్ళవి. గడ్డ పెద్దదైనా, చంకలో బిళ్ళలకు పాకినా, హెర్‌2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ రకాలైనా డాక్టర్లు చాలాసార్లు ముందు కీమో ఇస్తారు. ఆపరేషన్ నాలుగైదు నెలల తర్వాత. చూసేవాళ్ళకు అదంతా ఆలస్యంలా కనిపిస్తుంది గానీ వైద్యం మొదటి సూదితోనే మొదలైపోయింది. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పరు. దాంతో "వీళ్ళు కోయట్లేదు, వేరేచోట రేపే కోస్తారట" అని ఫైలు పట్టుకుని పరుగెడతారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. కీమో అనగానే బెదిరేవాళ్ళకు ఒక మాట చెప్పు: ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు విరివిగా వాడిన మెథోట్రెక్సేట్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన మందు. మనవాడి మందంటే కొందరికి ధైర్యం వస్తుంది, ఎందుకో మరి.

ఇక ఏ కారణమూ లేకుండా ఆగిపోయే రోజులున్నాయే, వాటి మీద కన్నెయ్యి. అవి ఎక్కువగా కాగితాల్లోనే పోతాయి. తండా ఆడపిల్ల ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు బానోతు ఉంటుంది, రేషన్ కార్డులో అత్తింటి భూక్యా. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలకు పెంచారు, సంతోషమే. కానీ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రెండు పేర్లూ కలపలేకపోతే ముందస్తు అనుమతి రాదు, ఆ పది లక్షలూ కాగితం మీదే ఉంటాయి. ఆమె కార్డులు ఇవాళే తెప్పించి చూడు.

ఆ తర్వాత బయాప్సీ. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఎవరైనా అంటే గట్టిగా ఖండించు, అది వట్టి మాట. అసలు ప్రమాదం, సూది పరీక్ష చేయకుండా ఏదో గడ్డేనని చిన్న ఆసుపత్రిలో కోయించుకోవడంలో ఉంది. తర్వాత క్యాన్సరని తేలితే చాలావరకు రెండోసారి కోత తప్పదు. బయాప్సీ రిపోర్టు వచ్చాక కూడా క్యాన్సర్ ఏ రకమో తేల్చే ఈఆర్, పీఆర్, హెర్‌2 పరీక్షలు ఉంటాయి. వాటికి ముక్కను మైనంలో పోతపోసిన బ్లాకు కావాలి. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళి, బ్లాకు కోసం మళ్ళీ రెండు వందల కిలోమీటర్లు వెనక్కి వచ్చినవాళ్ళున్నారు. బొటనవేలంత ప్లాస్టిక్ పెట్టె అది, సంచిలో పడుతుంది. స్లైడ్లు, మామోగ్రామ్ ఫిల్ములు దాంతోపాటే.

షుగరు, బీపీ, రక్తం తక్కువ: మత్తు డాక్టరు ఆపరేషన్‌ను వెనక్కి నెట్టేది చాలావరకు వీటివల్లే. వాటిని సరిచేయడానికి హైదరాబాద్ అక్కర్లేదు. పీహెచ్‌సీలో ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

రొమ్ము తడిమి చూడటంలో నీ చేతుల మీద నీకు నమ్మకం లేదన్నట్టు రాశావు, అది అత్తమ్మకు నచ్చలేదు. హైదరాబాద్‌లో స్త్రీల డాక్టరు ఉషాలక్ష్మి గారికి 2002లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. సర్జన్ అయిన ఆమె కొడుకు రఘురామ్ ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చి 2007లో తల్లి పేరునే రొమ్ము వ్యాధుల కేంద్రం, ఫౌండేషన్ పెట్టారు. 2012 నుంచి 2016 వరకు ఆ ఫౌండేషన్ రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో స్త్రీలకు పరీక్షలు చేయించింది. యంత్రాల్లేవు, నీలాంటి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి చేత్తో తడిమి చూసే పరీక్షే చేయించారు. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్ళు నడిపిన అధ్యయనం 2021లో వచ్చింది. చేతి పరీక్ష వల్ల యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి, అంతకన్నా చిన్నవాళ్ళలో ఆ లాభం కనిపించలేదు. ఉన్నదున్నట్టు తెలుసుకో.

నువ్వు రాసిన ఆమె విషయంలో ముందు భర్తతో మాట్లాడు. పగలు దొరకడు, పొద్దుగూకాక వెళ్ళు. ఆమెతో హైదరాబాద్ ఎవరొస్తారో పేరు అడుగు, "ఎవరో ఒకరు" అంటే ఒప్పుకోకు. ఆపరేషనయ్యాక చంక దగ్గర గొట్టం, సంచీతోనే ఇంటికి పంపొచ్చు. అందులో చేరే ద్రవాన్ని రోజూ కొలిచి పారబోయాల్సి వస్తుంది. ఆ పని చేయగలిగే ఆడమనిషే తోడు వెళ్ళాలి. ఆడబిడ్డో చెల్లెలో ఉంటే ఆమెనూ ఆ సాయంత్రమే కూర్చోబెట్టు.

ఉంటాను.
మీ అత్తమ్మ