వస్త్రశుద్ధి – యంత్రానికి ముందు మన వంతు

బట్టలు శుభ్రపరచే పనిలో ఒక్కొక్క దశకు తెలుగులో ఒక్కొక్క మాట ఉన్నది: నానబెట్టడం, ఉతకడం, జాడించడం, పిండడం, ఆరవేయడం. వీటిలో నడిమి మూడింటిని నేడు వాషింగ్ మెషీన్ నిర్వహిస్తున్నది. అయితే అన్నింటికంటె ముందు జరుగవలసిన పని మరొకటి కలదు. అది ఏరడం. దేనిని దేనితో కలుపవచ్చునో, దేనిని వేరుగా ఉంచవలెనో యంత్రానికి తెలియదు. చర్ల వంటి వ్యవసాయ ప్రాంతంలో ఇది శుభ్రతకే గాక ఆరోగ్యానికి కూడ సంబంధించిన విషయమని మనవి చేయడమే ఈ వ్యాసోద్దేశం.

పూర్వం రజకులు చవుటి నీటిలో తడిపిన బట్టలను ఉబ్బకు పెట్టి, ఆవిరి పట్టించి, రేవులో ఉతికేవారు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి రసంతో చెరగని గుర్తు వేసేవారు. పట్టుబట్టలకు చవుడు గాక కుంకుడు రసం వాడేవారు. చవుటిలోని క్షారం జిడ్డును విడగొట్టును గాని పట్టును పాడుచేయును. కుంకుడు మృదువైనది. బట్టను బట్టి మందు అనే వివేకం ఆనాడే ఉన్నది.

ఉర్దూలోని సాబూన్, తెలుగులోని సబ్బు ఒకే మూలం గలవి. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి సబ్బు చేస్తారు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా గల బోరు నీటిలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది. డిటర్జెంటుకు ఈ లోపం తక్కువ. మన దేశంలో 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చిన పిదప పొడి వాడకం విస్తరించింది. నురుగు ఎక్కువైతే మురికి ఎక్కువగా పోవునన్నది మాత్రం అపోహ.

మెషీన్ వాడేవారు ఈ క్రింది నియమాలను పాటించవలెను:

1. జేబులలోని నాణెములు, పిన్నులు తీసివేసి, జిప్పులు బిగించి, రంగు బట్టలను తిరగవేయవలెను.

2. తెల్లవి, రంగువి వేరు చేయవలెను. కొత్త బట్ట అంచును తడిసిన తెల్లగుడ్డతో రుద్ది చూచినచో రంగు దిగునో లేదో తెలియును.

3. నెత్తుటి మరకను చన్నీటితోనే కడుగవలెను. వేడి నీరు తగిలిన ఆ మరక గట్టిపడును. పసుపు మరక సబ్బు తగిలి ఎరుపెక్కినచో కంగారు పడనక్కరలేదు. అది క్షారగుణం. ఎండలో ఆరవేసిన క్రమంగా వెలిసిపోవును.

4. డ్రమ్మును ముప్పాతికకు మించి నింపరాదు.

5. పొట్లంపై చెప్పిన కొలతకు మించి పొడి వేయరాదు. మిగిలిన పొడి చర్మానికి దురద కలిగించును. ఫాస్ఫేటులు గల పొడి చెరువులో కలిసినచో నాచు పెరిగి, నీటిలోని ప్రాణవాయువు తగ్గి, చేపలకు హాని కలుగును.

ఇక ముఖ్య విషయం. మిర్చి, పత్తి చేలలో పురుగుమందు కొట్టినవారి బట్టలను ఇంటివారి బట్టలతో, విశేషించి పసిపిల్లల బట్టలతో, ఎంతమాత్రం కలుపరాదు. అవి ఒకదాని నుండి మరొకదానికి విషాన్ని అంటించును. వాటిని వేరే సంచిలో ఉంచి, రబ్బరు తొడుగులతోనే ముట్టుకొని, ఆనాడే ఉతకవలెను. కొద్ది బట్టలనే వేసి, నిండుగా నీరు పెట్టి, వీలైన వేడి నీటితో రెండు మారులు ఉతకడం మేలు. పిదప ఖాళీ మెషీన్‌ను డిటర్జెంటుతో ఒకసారి నడిపించవలెను. చిక్కని మందు ఒలికి తడిసిన బట్ట ఉతుకుటకు పనికిరాదు. దానిని మరల ధరింపరాదు. ఆ బట్టలను తాలిపేరులో గాని, చెరువులో గాని, బావిగట్టున గాని జాడించరాదు.

మన ఇండ్లలో ఉతికే భారం సాధారణంగా తల్లులపై, అక్కచెల్లెండ్రపై పడుతున్నది. ఏ చొక్కాపై ఏ మందు పడినదో వారికి తెలియదు. చేనిలో మందు కొట్టినవాడే తన బట్టలను స్వయంగా వేరు చేసి, ఆ సంగతి వారికి చెప్పవలెను. మన విద్యార్థులు తమ ఇంట ఈ ఒక్క అలవాటును నెలకొల్పినచో, చదివిన రసాయనశాస్త్రం సార్థకమైనట్లే.