మిషన్ మీద బట్టలు తీసెయ్ చెల్లీ!

చెల్లీ, మీ ఇంట్లోనూ ఒక కుట్టు మిషన్ ఉండే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్... ఈ దారిలో ఎవరింటికెళ్లినా బాల్కనీలోనో, బెడ్‌రూమ్ కిటికీ కిందనో ఒకటి కనబడుతుంది. పెళ్లికి ముందు ఎండాకాలం సెలవుల్లో నేర్చుకుని, సారెతోపాటు తెచ్చుకున్న మిషన్. ఇప్పుడు దాని మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు, పిల్లల పాత పుస్తకాలు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, మధ్యాహ్నాలు కాస్త తీరిక దొరుకుతోంది. మళ్లీ తొక్కుదామా అని లోలోపల అనిపిస్తోంది కదూ?

ఆ మాట పైకి అన్నావో, సలహాలు మొదలవుతాయి. "మంచిదేనమ్మా, చీరలకు ఫాల్ కుట్టినా చేతిఖర్చులకు వస్తాయి" అంటారు అత్తయ్య. "బ్లౌజుల కుట్టుకూలి మిగులుతుందిలే" అంటారు మీ ఆయన. "అక్కా, నాదీ ఒకటి కుట్టిపెట్టవూ" అంటుంది పక్కింటి అమ్మాయి. అందరికీ నవ్వుతూ తలూపు. లెక్క మాత్రం నువ్వే చూసుకో. గుడ్డ, లైనింగు, దారం, నీ సమయం అన్నీ కలిపితే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల పక్కన బండి మీద అమ్మే కుర్తీయే చవక. డబ్బు మిగులుతుందని మొదలుపెడితే రెండు వారాలకే విసుగొస్తుంది.

మరెందుకు కుట్టుకోవడం అంటావా? ఆ బండి మీది కుర్తీ ఎవరి ఒంటికీ కుట్టింది కాదు కాబట్టి. భుజం సరిపోతే చేతులు బిగుతు, చాతి సరిపోతే నడుం దగ్గర సంచిలా వదులు. టైలరుకిచ్చినా మన దగ్గర ఆది జాకెట్టు ఇవ్వడమే అలవాటు. ఆ జాకెట్టు ఎప్పటిది? అది కుట్టించినప్పటి ఒళ్లూ ఇప్పటి ఒళ్లూ ఒకటేనా? కాన్పులయ్యాయి, థైరాయిడొచ్చింది, కాస్త ఒళ్లు చేశాం. అందుకే ముందు ఆది జాకెట్టు పక్కన పెట్టి, టేపు చేతిలోకి తీసుకో. కూతుర్నో, చెల్లినో పిలిచి భుజం, చాతి, నడుం, సీటు, చెయ్యి పొడవు కొలిపించుకో. వచ్చిన అంకె చూసి ముఖం ముడుచుకోకు. అది కొలతే, మార్కులు కాదు.

మొదటే బ్లౌజు జోలికి వెళ్లకు. మనవాళ్లంతా దాంతోనే మొదలుపెడతారు, కానీ అన్నిట్లోకీ కష్టమైంది అదే. ఒంటికి అంటిపెట్టుకుని ఉండాలి, డాట్లు సరైన చోట పడాలి, చంక దగ్గర పావు అంగుళం తేడా వచ్చినా చెయ్యెత్తితే పట్టేస్తుంది. దిండు గలీబు, లంగా, నైటీ, ఆ తర్వాత కుర్తీ. ఆ వరుసలో వెళ్లు. కుర్తీలో వదులుంటుంది కాబట్టి చిన్న తేడాలు ఒదిగిపోతాయి. చాతి 36 అంగుళాలనుకో. వదులుకు 4 కలిపితే 40. గుడ్డ నాలుగు మడతలు వేస్తాం కాబట్టి అందులో నాలుగో వంతు 10. కుట్టుకు ఇంకో అంగుళం వదిలి 11 దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టు. గుడ్డ మీద గీసే ముందు అదే కొలత పాత పేపరు మీద గీసి కత్తిరించు. అమెరికాలో బటరిక్ అనే దర్జీ 1863లో ఇలాంటి కాగితపు నమూనాలనే సైజులవారీగా అమ్మడం మొదలుపెట్టాడు. మనకు ఆ సైజులతో పనిలేదు. మన పేపరు మన కొలతకే.

ఇక మిషన్ సంగతి. బాబిన్ కింద పేరుకున్న నూలు దుమ్ము బ్రష్షుతో దులుపు, నూనె వెయ్యి, బెల్టు సాగిందేమో చూడు, పాత సూది పారేసి కొత్తది బిగించు. మామూలు కాటన్‌కు 14 నంబరు, పల్చటి సిల్కుకు 11. కొన్నాళ్లు దారం ఎక్కించకుండా రూళ్ల కాగితం మీద గీత వెంబడి తొక్కు, కాళ్లకు పాత అలవాటు తిరిగొస్తుంది. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడితే బాబిన్‌ని తిట్టకు, చాలాసార్లు పైదారం సరిగ్గా ఎక్కకపోవడమే కారణం. కాటన్ లైనింగు కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరెయ్యి. లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది.

సామాన్లకు దూరం పోనక్కర్లేదు. లైనింగు, దారం, హుక్కులు మన సందుల్లోని మ్యాచింగ్ సెంటర్లలోనే దొరుకుతాయి. ఇంకా చూడాలనిపిస్తే, 2018 సెప్టెంబరు నుంచి మనకు మెట్రో ఉంది కదా, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి. మంచి గుడ్డ కావాలంటే అటు కాదు, ఇటు. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే మీదుగా 40 కిలోమీటర్ల లోపే భూదాన్ పోచంపల్లి. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి గుడ్డ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. తిరగామరగా కుట్టేశానేమో అన్న భయం కొత్తగా కుట్టేవాళ్లకు ఉండదు. పక్క కుట్టు దగ్గర పువ్వుకు పువ్వు కలిసేలా మాత్రం చూసుకో.

పద్ధతిగా నేర్చుకుంటానంటావా? జంటనగరాల యువతకు ఉపాధి చూపడానికి 1978లో పెట్టిన సెట్విన్ కేంద్రాల్లో టైలరింగ్ నేర్పుతారు. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ పరీక్షలూ ఉన్నాయి. సరదా కోసమైతే ఆ సర్టిఫికెట్లు అక్కర్లేదు, ఇంటి దగ్గర నేర్పే టీచరమ్మ చాలు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా చెల్లీ. కూతురి గౌను, అత్తయ్య నైటీ, పక్కింటి అమ్మాయి బ్లౌజు, అన్నీ తర్వాత. మొదటి కుర్తీ మాత్రం నీ కొలతకే కుట్టుకో. రెండు వైపులా జేబులు కూడా పెట్టుకో, రెడీమేడ్‌లో అవి దొరకడమే గగనం.