పోలింగ్ బూత్ చూసి కాపురం పెడతారా?

సమస్య

నా వయసు 61. మావారు బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. అమ్మాయి డాలస్‌లో, అబ్బాయి బెంగళూరులో. ఈ ట్రాఫిక్కూ ఈ అద్దెలూ ఇక మన వల్ల కాదు, మనవైపు వెళ్ళిపోదామని ఇద్దరం అనుకున్నాం. అంతవరకూ గొడవ లేదు.

తెనాలిలో మా అమ్మ తన ఇల్లు నా పేరున రిజిస్టరు చేసి పోయింది. పాతదైనా గట్టి ఇల్లు. మెట్లెక్కే పని లేదు. రెండు వీధుల అవతలే మా చెల్లెలుంటుంది. నా మోకాలి ఆపరేషన్ అప్పుడు అదే వచ్చి నెల్లాళ్ళు నన్ను కనిపెట్టుకుని ఉంది. నాకు అక్కడికే వెళ్ళాలని ఉంది.

మావారు ససేమిరా అంటున్నారు. 2024 ఎన్నికలప్పుడు ఈయనకూ మా చెల్లెలి భర్తకూ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్ద రగడ అయింది. చెరో పార్టీ. ఈయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు. తోడల్లుళ్ళిద్దరికీ అప్పటినుంచీ మాటల్లేవు. "ఆ వీధంతా వాళ్ళ పార్టీయే. పొద్దున్నే వరండాలో కూర్చుని నా పేపరు నేను చదువుకోలేను" అంటారు. మంగళగిరి దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ చూశారు. అక్కడంతా మనవాళ్ళేనట. తెనాలి ఇల్లు అమ్మి అది కొందామంటారు.

ఇంకో విచిత్రం. ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లొచ్చాయో చెప్పే ఫారం 20 అని ఉంటుందట. ఎన్నికల అధికారి వెబ్‌సైటులోంచి అవన్నీ దింపి, ప్రింటు తీయించి, రంగు పెన్నుతో గీతలు గీసి ఫైలు కట్టారు. బ్రోకరు ఫోను చేస్తే మంచినీళ్ళ సంగతి అడగరు. ఆ ఫ్లాట్ల వాళ్ళు ఏ బూత్‌లో ఓటేస్తారని అడుగుతారు. అమ్మాయికి చెప్తే, "ఇక్కడా టెక్సాసా, కాలిఫోర్నియానా అని రాజకీయం చూసుకుని ఇళ్ళు మారేవాళ్ళున్నారమ్మా, నాన్న అన్నదాంట్లో తప్పేముంది?" అంది.

పెళ్ళయ్యాక ఆదోని, వరంగల్, బళ్ళారి, హైదరాబాద్, ఆయన్ని ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి వెళ్ళాను. బళ్ళారిలో ఉండగానే సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ పోటీపడిన ఎన్నిక వచ్చింది. ఇంటి ఓనరుది ఒక పక్షం, ఎదురింటివాళ్ళది ఇంకో పక్షం. అందరం ఓనరుగారింట్లోనే కూర్చుని టీవీలో ఫలితాలు చూశాం. అప్పుడు లేని పట్టింపు ఈయనకు ఇప్పుడెందుకొచ్చిందో తెలియదు.

చివరగా ఒకటి. మా ఓట్లు ఇప్పటికీ పొన్నూరు దగ్గర ఆయన సొంతూళ్ళోనే ఉన్నాయి. అక్కడ ఇల్లు లేదు, పంపకాల్లో అమ్మేశారు. అయినా ప్రతి ఎన్నికకూ ఇద్దరం వెళ్ళి వేసొస్తాం. నేను 2019లోనూ, 2024లోనూ ఆయన పార్టీకి వేయలేదు. ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇది తప్పా?

– ఒక సోదరి, హైదరాబాద్

సలహా

తప్పు కాదమ్మా. మీ ఉత్తరం పక్కన పెట్టేయకుండా జవాబు రాస్తున్నది ఆ చివరి నాలుగు ముక్కల కోసమే. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు రాశారు గానీ మీ సమస్యకు జవాబు అందులోనే ఉంది.

మూడు వందల కిలోమీటర్లు ఒకే బండిలో వెళ్ళారు. ఒకరి ఓటును ఒకరు కొట్టేసుకున్నారు. దారిలో ఎక్కడో ఆగి టిఫిన్ చేసి, కలిసే తిరిగొచ్చారు. అదీ రెండు ఎన్నికల్లో. బూత్‌లన్నీ గాలించి ఫైలు కట్టిన పెద్దమనిషి, తన పక్కన నిలబడి వేలికి సిరా చుక్క పెట్టించుకున్న ఇల్లాలి ఓటెటో కనుక్కోలేదు. కనుక్కోవాలని కూడా అనిపించలేదు. మీది ఆయన ఓటుకు నకలని అనుకున్నారు మరి! అవతలి పార్టీ మనుషుల మధ్య బతకలేనంటున్న ఆయన ఎన్నో ఏళ్ళుగా అవతలి పార్టీ చేత్తో పెట్టిన కాఫీ తాగుతున్నారు. ఆరోగ్యానికేమీ కాలేదు కదా!

మీరిద్దరూ ఏ పార్టీయో రాయలేదు, మంచి పని చేశారు. నేనూ ఊహించను. ఏ పార్టీ అయినా నా జవాబు ఇదే.

ముందు ఆయన లెక్కల సంగతి. బ్యాంకులో పనిచేసిన మనిషికి ఒక్క ఏడాది బ్యాలెన్స్ షీటు చూసి అప్పు ఇవ్వకూడదని తెలియదా? తెనాలి చరిత్ర చూడమనండి. 2009లో కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో జనసేన. నాలుగు ఎన్నికల్లో నాలుగు పార్టీలను గెలిపించిన ఊరు అది. అందులోనూ 2009లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన నాదెండ్ల మనోహర్ గారే 2024లో జనసేన టికెట్ మీద గెలిచారు. ఆ ఊరిది ఏ పార్టీ అంటారు? మంగళగిరి సంగతీ అంతే. 2019లో నారా లోకేశ్ అక్కడ 5,337 ఓట్లతో ఓడారు. 2024లో అక్కడే 91,413 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆ అయిదేళ్ళలో ఊరు ఊరంతా ఖాళీ అయి కొత్తవాళ్ళేమీ వచ్చి దిగలేదు. ఉన్నవాళ్ళే మనసు మార్చుకున్నారు. 2029లో మళ్ళీ మార్చుకుంటే మీవారు ఫ్లాటు అమ్ముతారా?

ఇంకో మాట. ఆయన పారిపోవాలనుకుంటున్న తెనాలీ, వెళ్ళాలనుకుంటున్న మంగళగిరీ రెండూ గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. రెండిటికీ కలెక్టరు ఒక్కరే, పార్లమెంటు సభ్యుడూ ఒక్కరే. ఇంత దూరం ఆలోచించి ఆయన దాటబోయేది ఒక అసెంబ్లీ నియోజకవర్గం సరిహద్దు.

మీ అమ్మాయి చెప్పిన అమెరికా సంగతి వేరు. అక్కడ రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో గట్టిగానే వేస్తారు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత గర్భస్రావం చట్టం ఒక రాష్ట్రంలో ఒకలా, పక్క రాష్ట్రంలో ఇంకోలా అయింది. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు అది చూసుకుని ఇల్లు మారితే అర్థముంది. తెనాలి నుంచి మంగళగిరికి మారితే ఏ పన్ను తగ్గుతుంది, ఏ చట్టం మారుతుంది?

మన దగ్గరా రాజకీయం చూసుకోవాల్సిన చోట్లు లేవని అనను. 2019 ఎన్నికల తర్వాత పల్నాడు పల్లెల్లోంచి వచ్చేసిన కొన్ని కుటుంబాలు గుంటూరులో శిబిరంలో తలదాచుకున్నాయి. 2024లో పోలింగ్ అయ్యాక అదే పల్నాడులో 144 సెక్షన్ పెట్టారు. అలాంటి ఊళ్ళో, రెండు వర్గాలు కత్తులు నూరుకునే చోట, వయసు మళ్ళిన మీరు ఇల్లు కట్టుకుంటామంటే నేనే వద్దంటాను. కానీ తెనాలి వీధిలో మీవారికున్న ప్రాణభయం ఏమిటి? పేపరు చదువుతుంటే తోడల్లుడు అటుగా సైకిలు మీద వెళ్తాడనా?

ఆస్తి విలువ అంటారేమో. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే అమరావతి చుట్టుపక్కల స్థలాల ధరలు ఏమయ్యాయో మీవారికే బాగా తెలిసుండాలి. ప్రభుత్వాన్ని నమ్ముకుని పెరిగే ధర ప్రభుత్వంతోనే పడుతుంది. ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి ఈ వయసులో ఆ జూదం అక్కర్లేదు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, నిజమే. తెనాలి నుంచి పొద్దున బయల్దేరితే చూపించుకుని మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. మోకాలు పట్టేసిన రాత్రి గ్లాసుడు నీళ్ళిచ్చేది మాత్రం ఎయిమ్స్ కాదు, చెల్లెలు.

ఇవన్నీ పక్కన పెట్టండి. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇంకొకటి. ఆదోని, వరంగల్, బళ్ళారి, హైదరాబాద్ అని ఒక్క వాక్యంలో రాసేశారు. ఆ ఒక్కో ఊళ్ళో మీరు కొత్తగా పాలవాణ్ణి, పనిమనిషిని, బడిని, డాక్టరును వెతుక్కున్నారు. చదువు మధ్యలో పిల్లల బడి మార్పులు మీరే సర్దారు. ఏ ఊరికీ "నువ్వు వస్తావా?" అని మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు. బ్యాంకు ఆయనకు ఆర్డరిచ్చింది, ఆయన మీకు చెప్పారు, మీరు సామాను కట్టారు. బ్యాంకు పంపినప్పుడు ఆదోనిలో ఎవరు గెలిచారని ఆయన అడగలేదే? జీతం వచ్చే చోట పార్టీ అడ్డం రాలేదు గానీ, భార్య మొదటిసారి "నాకు ఇక్కడ ఉండాలని ఉంది" అనేసరికి ఫారం 20 దొరికింది.

మన ఇళ్ళల్లో మగవాళ్ళ రిటైర్మెంటుకు తేదీ ఉంది, సన్మానం ఉంది, శాలువా ఉంది. ఆడవాళ్ళకు అదేమీ లేదు సరే, కనీసం ఎక్కడ ఉండాలన్న దాంట్లో సగం మాటైనా ఉండొద్దా? నాకు ఉత్తరాలు రాసే అరవై దాటిన ఆడవాళ్ళలో చాలామంది అడిగేది పెద్దదేమీ కాదు. తోబుట్టువులకు దగ్గరగా, నలుగురు పలకరించే వీధిలో ఉండాలని. ఏ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచరులోనూ అది రాయరు. క్లబ్ హౌస్ ఉంటుంది, జిమ్ ఉంటుంది, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు. మధ్యాహ్నం పూట "ఏం కూర వండావే?" అని కేకేసే మనిషి ఉండదు.

ఇక ఆయన చెప్పే "మనవాళ్ళు". పైకి పార్టీ అంటారు, లోపల చాలాసార్లు కులం లెక్క ఉంటుంది. మీ ఇంట్లో ఏముందో నాకు తెలియదు, చూసుకోండి. ఈ మధ్య ఎన్నికల మూలంగా పెళ్ళి కార్డులు ఇచ్చుకోవడం మానేసిన అన్నదమ్ములు, దినాల భోజనాల దగ్గర ఎడమొహం పెడమొహంగా కూర్చున్న వియ్యంకులు ఎక్కువయ్యారు. ఎవరి కోసం? 2014లో గెలిచిన ప్రతిపక్ష ఎమ్మెల్యేల్లో 23 మంది పార్టీ మారి అధికారపక్షంలోకి వెళ్ళారు. వాళ్ళలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. 2019లో ప్రభుత్వం మారగానే ఇంకొందరు ఇంకోవైపు మారారు. నాయకులు ఇంత తేలిగ్గా గీత దాటుతుంటే, వాళ్ళ తరఫున తోడల్లుళ్ళు గీత గీసుకుని కూర్చున్నారు. మీ చెల్లెలి భర్తను సమర్థించడం లేదు, గ్రూపులో ఆయనా తక్కువేమీ తినుండరు. కానీ మీవారు పెద్దల్లుడు. ముందు ఫోను చేయాల్సింది ఆయనే. ఈ రాయబారం మీరూ మీ చెల్లెలూ నెత్తినేసుకోకండి.

మరి మీ ఓటు సంగతి చెప్పాలా? చెప్పనక్కర్లేదు. రహస్య ఓటు భర్త దగ్గరా రహస్యమే. మీ ఓటు ఎటో చెప్పకుండానే ఒక ప్రశ్న అడగండి: "బూత్‌లన్నీ చూశారు కదా, నేనెవరికి వేశానో ఎప్పుడైనా అడిగారా?" జవాబు కోసం తొందరపెట్టకండి. ఆయన ఆ ఫైలు మూసి కాసేపు మిమ్మల్ని చూస్తే చాలు.

ఇక చేయాల్సిన పని. ఆ ఇల్లు మీ తల్లి మీకిచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం దానికి పూర్తి హక్కుదారు మీరే. మీరు బతికుండగా మీవారికి అందులో వాటా లేదు, మీ సంతకం లేకుండా అది అమ్ముడుపోదు. ఆయనకు మంగళగిరి మీద అంత మోజుంటే ఏడాది పాటు అద్దెకు తీసుకోమనండి, మీరూ వెళ్ళి ఉండి చూడండి. ఈలోగా తెనాలి ఇంటికి సున్నం కొట్టించి, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించండి.

ఒక చీవాటు మీ ఇద్దరికీ. హైదరాబాద్‌లో కాపురం ఉంటూ, ఇల్లు కూడా లేని ఊళ్ళో ఓట్లు అట్టేపెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఎక్కడ స్థిరపడితే అక్కడికి ఫారం 8 పెట్టి ఓట్లు మార్పించుకోండి. మీవారికి ఇప్పుడు కావాల్సిన ఫారం అది. ఈ పేజీ ఆయనకు చదివి వినిపించండి. ఆయన ఏమన్నా సరే, అమ్మకం కాగితాల మీద మాత్రం సంతకం పెట్టకండి.