మంచు చిరుత – గొర్రెల దొడ్డి

అక్కలారా! ఎడారి అంటే మనకు ఏం గుర్తుకొస్తుంది? ఇసుక, మండే ఎండ. చలి ఎడారి కూడా ఉంది. అది మన దేశంలోనే ఉంది. దాని పేరు లడఖ్.

లడఖ్ హిమాలయాల అవతల ఉంది. వాన మబ్బులు ఆ ఎత్తైన కొండలు దాటి పోలేవు. అందుకే అక్కడ వానలు చాలా తక్కువ. లేహ్ పట్నంలో ఏడాది మొత్తానికి 10 సెంటీమీటర్ల వాన పడుతుందంతే. చలికాలంలో బిందెలో నీళ్లు రాయిలా గడ్డకడతాయి. కొండల మీది మంచు కరిగి వచ్చే నీళ్లతోనే బార్లీ పండిస్తారు. గొర్రెలు, మేకలు, యాకులు పెంచుకుంటారు.

ఆ కొండల్లోనే మంచు చిరుత ఉంటుంది. దాని ఒళ్లంతా దట్టమైన బొచ్చు. తోక సుమారు 3 అడుగుల పొడవు. పడుకున్నప్పుడు ఆ తోకనే దుప్పటిలా కప్పుకుంటుంది. భరల్ అనే అడవి గొర్రెలను వేటాడి తింటుంది.

మరి చిక్కు ఎక్కడొచ్చింది? రాత్రిపూట మందను రాళ్లతో కట్టిన దొడ్లోకి తోలతారు. చాలా దొడ్లకు పైకప్పు సరిగా ఉండేది కాదు. చిరుత గోడెక్కి లోపలికి దూకేది. గొర్రెలు బెదిరి పరుగులు పెట్టేవి. బయటికి దారి లేదు. ఒక్క రాత్రిలోనే ఎన్నో గొర్రెలు చచ్చిపోయేవి. తెల్లారేసరికి ఆ ఇంటి జీవనాధారం పోయేది. కడుపు మండి జనం చిరుతను చంపేవారు.

వారి బాధ నిజమే. కానీ చిరుతను చంపితే పోయిన గొర్రెలు తిరిగొస్తాయా? రావు. దొడ్డి అలాగే ఉంటే రేపు ఇంకో చిరుత దూకుతుంది. పైగా అది నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద జైలు శిక్ష పడుతుంది.

అందుకని చాలా ఊళ్లల్లో దొడ్డిని బాగుచేసుకున్నారు. పైన ఇనుప వల వేశారు. గట్టి తలుపు పెట్టారు. ఇక చిరుత దూకే దారి లేదు. మంద బతికింది, చిరుతా బతికింది.

2000 తర్వాత ఆడవాళ్లు ఇంకో పని మొదలుపెట్టారు. హెమిస్ జాతీయ వనంలో రుంబక్ అనే ఊరుంది. చిరుతను చూద్దామని యాత్రికులు అక్కడికి వస్తారు. వాళ్లకు ఆడవాళ్లు తమ ఇళ్లల్లోనే గది ఇస్తారు. వండి పెడతారు. ఆ డబ్బు వాళ్ల చేతికే వస్తుంది. ఒకప్పుడు చిరుత వస్తే నష్టం. ఇప్పుడు చిరుత ఉంటేనే ఇంటికి రాబడి.

2024లో ప్రభుత్వం లెక్కలు చెప్పింది. మన దేశంలో మంచు చిరుతలు 718. అందులో 477 లడఖ్‌లోనే ఉన్నాయి.

కొత్త మాటలు
వన్యప్రాణి – అడవిలో బతికే జంతువు, పక్షి.
జీవనాధారం – బతకడానికి ఆధారం.
రాబడి – వచ్చే డబ్బు.

కలిసి మాట్లాడుకోండి
1. లడఖ్‌లో వానలు ఎందుకు తక్కువ?
2. చిరుతను చంపడం మంచిదా, దొడ్డిని బాగుచేయడం మంచిదా? ఎందుకు?
3. మీ ఊళ్లో పంటనూ పశువులనూ పాడుచేసే జంతువులు ఏవి? వాటిని చంపకుండా ఆపే దారి ఏముంది?