పల్లె పనిని కొలిచేదెలా?

ఊడ్పుల రోజుల్లో కూలీలు దొరకరని గోదావరి డెల్టాలో ప్రతి రైతుకీ తెలుసు. వేసవిలో కాలవలు కట్టేశాక ఆ కూలీలకే పని దొరకదనీ తెలుసు. మరి మన పల్లెల్లో నిరుద్యోగం ఉన్నట్టా, లేనట్టా? గణాంకశాస్త్రం జవాబు చెబుతుంది గాని, కొలబద్ద మారితే జవాబూ మారిపోతుంది.

సేద్యం మీద బతికే దేశానికి ఒక్క అంకె చాలదని దంత్వాలా సంఘం 1970లో చెప్పింది. అందువల్ల 1972-73 నాటి 27వ విడత నుంచి జాతీయ నమూనా సర్వేలో ఏడాది, వారం, రోజు అని మూడు కొలతలు వాడారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు మాత్రమే. ఒక కూలీకి సార్వాలో 70 రోజులు, దాళ్వాలో 60, ఇతర పనుల్లో 20, వెరసి 150 రోజులు పని దొరికింది. మరో 120 రోజులు పనికి సిద్ధంగా ఉన్నా దొరకలేదు.

1. ఏడాది కొలత: నిరుద్యోగ దినాలకన్నా పని దినాలే ఎక్కువ కనుక, అతను ఉద్యోగి.

2. వారం కొలత: ఆ వారంలో ఒక్క గంట పని చేసినా ఉద్యోగే. ఊడ్పుల్లో అడిగితే ఉద్యోగి, మే నెలలో పనిలేని వారం అడిగితే నిరుద్యోగి.

3. రోజు కొలత: ఇలాంటివాళ్ళ ఏడాది రోజులన్నీ కలిపితే, 270లో 120 పనిలేని రోజులు. అంటే నూటికి 44.

ఇక జనాభా లెక్కల్లో 183 రోజులు నిండలేదు గనుక ఇతను ప్రధాన కార్మికుడు కాడు, ఉపాంత కార్మికుడు. మనిషి ఒక్కడే, పేర్లు నాలుగు!

ప్రశ్న అడిగే తీరూ ముఖ్యమే. "మీ ఆవిడ పని చేస్తుందా?" అంటే "లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటారు. పొద్దున్నే పాలు పితికి, చేలో కలుపు తీసి వచ్చేది ఆవిడే! అందుకే 1991 జనాభా లెక్కల్లో, సొంత పొలంలో జీతం లేకుండా చేసే పనిని కూడా కలుపుకొని చెప్పమని ప్రశ్నలోనే చేర్చారు.

మన యానాం సంగతి మరీ చిత్రం. 2011లో ఇక్కడి జనాభా 55,626. మునిసిపాలిటీ పరిధి కనుక అందరూ పట్టణవాసులుగానే నమోదయ్యారు. మెట్టకూరు, కనకాలపేట కూడా ఆ పద్దులోనే. దాంతో వేటకీ, పొలం పనులకీ వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఎందరున్నా, "గ్రామీణ" పట్టికల్లో యానానికి చోటు లేదు. పల్లెల కోసమని పెట్టే పథకాలకి ఆ పట్టికలే ఆధారమైతే, పట్టికలో లేనివాడి మాట ఎవరు తలుస్తారు?

కనుక మిత్రులారా, అంకె చదివే ముందు దాని పైనున్న శీర్షిక చదవండి. ఎవర్ని, ఎప్పుడు, ఏమని అడిగారో చూడండి. మనమూ ఒక పేటలో ముప్పై ఇళ్ళు ఎంచుకుని, ఆడా మగా అందరి పని దినాలూ ఏడాది పొడుగునా పుస్తకంలో రాసిపెట్టవచ్చు. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఓపిక ఉంటే చాలు.