గ్రంథాలయంలో సేవ

గ్రంథాలయాన్ని సరస్వతీ నిలయమని కొనియాడడం మన వాడుక. అయితే ఆ నిలయంలో ప్రతిదినం జరిగే పని ఎటువంటిదో ఎరిగినవారు కొద్దిమందే. పాఠకులు బల్లల మీద విడిచిపోయిన పుస్తకాలను ఎవరో ఒకరు తిరిగి బీరువాలకు చేర్చాలి. చిరిగిన అట్టలను అతికించాలి. వార్తాపత్రికలను తేదీల వరుసలో కట్టలు కట్టాలి.

తెలుగునాట ఈ సేవకు ఘనమైన పూర్వచరిత్ర ఉన్నది. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1914 ఏప్రిల్‌లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం దానికి అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే రూపుదిద్దుకొన్నది. గుంటూరు జిల్లా పెదపాలెం వాసి పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట పల్లెలకు పంపారు. వీరెవరూ జీతం కోసం ఈ పని చేపట్టినవారు కారు.

పల్నాటి పల్లె నుండి నరసరావుపేటకు వచ్చి ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థి ఒకడు వేసవి సెలవులలో ఇటువంటి సేవకు పూనుకొన్నాడనుకొందాం. మొదట అతనికి ఈ పని సులభమనిపిస్తుంది. పుస్తకం వెన్ను మీది చీటీలో సంఖ్యను చూడడం, ఆ సంఖ్య గల అరలో నిలపడం, అంతే కదా! చిక్కంతా ఆ సంఖ్యలోనే ఉన్నదని కొంత ఆలస్యంగా తెలుస్తుంది.

గ్రంథాలయాలలో విరివిగా వాడే డ్యూయీ దశాంశ వర్గీకరణ 1876లో అమెరికాలో వెలువడింది. దాని ప్రకారం తెలుగు సాహిత్యానికి 894.827, ఆంధ్రప్రదేశ్ చరిత్రకు 954.84 అనే సంఖ్యలున్నాయి. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించిన శ్రీనాథుని ‘పల్నాటి వీరచరిత్ర’ ద్విపద కావ్యం గనుక సాహిత్యంలో చేరుతుంది. అదే పల్నాటి యుద్ధాన్ని శాసనాల ఆధారంతో చర్చించే గ్రంథం చరిత్రలో చేరుతుంది. బ్రహ్మనాయుడు ఒక్కడే అయినా గ్రంథాలయంలో ఆయనకు రెండు కాపురాలు! ఈ సంగతి ఎరుగని సేవకుడు రెండు పుస్తకాలనూ ఒకే అరలో చేర్చితే చూపులకు ముచ్చటగానే ఉంటుంది. కాని అడిగినవారికి వాటిలో ఒకటి దొరకదు. పోయిన పుస్తకానికి బదులు మరొకటి కొనవచ్చు. చోటు తప్పిన పుస్తకం విషయం అట్లా కాదు. అది ఉన్నదని పట్టిక చెబుతూనే ఉంటుంది గనుక మరొక ప్రతిని ఎవరూ కొనరు.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో నాల్గవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడాన్ని గురించినది. మాచర్ల నుండి బస్సులో వచ్చి సాయంకాలానికి తిరిగి వెళ్ళవలసిన ఉద్యోగార్థికి అరగంట వెదుకులాట అంటే అరగంట చదువు పోవడమే.

పాఠకునికి ఉపకారం చేస్తున్నామనే భావం కూడా సేవకునికి తగదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం వల్ల ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతున్నది. పత్రిక చదవడానికి వచ్చిన వ్యవసాయ కూలీ తన సొమ్ముతో కొన్న పత్రికనే అడుగుతున్నాడు. అతనికి కుర్చీ చూపడంలో, అధ్యాపకునికి చూపడంలో భేదం ఉండరాదు.

సెలవులు ముగిసేనాటికి ఆ విద్యార్థి పట్టిక చూడకుండానే అరల వరుస చెప్పగలుగుతాడు. బీరువా పక్కగా నడిచిపోతున్నప్పుడు సైతం వరుస తప్పిన పుస్తకం అతని కంటబడుతుంది. చేయి దానంతటదే అటు సాగుతుంది.